తొమ్మిది కిలోల కుడికాలు

ఆ ఐస్ రింక్‌లో స్కేట్లు అద్దెకిచ్చే కౌంటర్ పక్కన, గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది. చెమ్మ తగలకుండా ప్లాస్టిక్ పొరలో పెట్టిన కాగితం. దాని మీద ఆరు బొమ్మలు. ఒక బొమ్మలో ఒకమ్మాయి పక్కకి వాలి, మోచేతి మీద ఒళ్ళంతా నిలిపి, పై కాలుని బెంచీ మీద ఆనించి ఉంటుంది. ఇంకోదాంట్లో మోకాళ్ళు వంచి పీతలా పక్కకి నడుస్తుంటుంది. బొమ్మల కింద ఐస్ మీదికి వెళ్ళేముందు చేయవలసినవి అని పెద్దక్షరాలు, వాటి కింద పిల్లల ఐస్ హాకీ కోచ్ బ్రెట్ పేరు.

ఆ బొమ్మలు గీసింది బ్రెట్ కాదు. కౌంటర్ వెనక నిలబడే మంగతాయారు.

రెండేళ్ళ కిందట, గజ్జల్లో నొప్పని కూలబడిన ఒక పిల్లకి చూపించడానికి ఆమె అద్దె రసీదుల వెనకవైపు బాల్‌పెన్నుతో గీసినవి అవి. కౌంటర్ మీద వదిలేసిన కాగితాలు వారం తిరిగేసరికి శుభ్రంగా అచ్చై, గోడెక్కాయి. పేరు మాత్రం మారింది. మంగతాయారు ప్రతి సోమవారం కౌంటర్ తుడిచే గుడ్డతోనే ఆ ప్లాస్టిక్ కూడా తుడుస్తుంది. భర్త విద్యాసాగర్ ఒకసారి రింక్‌కి వచ్చినప్పుడు అది చూసి, ఇదేంటి అడగవేం అన్నాడు. "పిల్లలు చేస్తున్నారు కదండీ. పేరుదేముంది" అంది.

పేరుదే ఉంది. ఆ పేరు లేకపోబట్టే ఆ కాగితం గోడ మీద ఉన్నా, ఆమె మాట ఎవరి చెవిలోనూ పడలేదు. దానివల్ల ఏం జరగబోయిందో, చివరికి ఏం జరిగిందో చెప్పడానికే ఈ కథ.

మంగతాయారు కాకినాడలో ఫిజియోథెరపీ చదివింది. అక్కడే ఒక ఆసుపత్రిలో ఎనిమిదేళ్ళు పనిచేసింది. పోర్టులో బస్తాలు మోసేవాళ్ళ నడుములు, కబడ్డీ ఆడే పిల్లల మోకాళ్ళు, పక్షవాతం వచ్చి చెయ్యి పడిపోయిన పెద్దవాళ్ళ భుజాలు ఆమె చేతుల మీదుగా దారిలో పడ్డాయి. తొమ్మిదేళ్ళ కిందట విద్యాసాగర్‌కి ఆల్బనీలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చి న్యూజిలాండ్ వచ్చేశారు. వచ్చిన మొదటి ఏడాదే ఇక్కడ ఫిజియోగా రిజిస్ట్రేషన్‌కి పెట్టుకుంది. కాలేజీ నుంచి సిలబస్ కాగితాలు రావాలి, పనిచేసిన చోటు నుంచి అనుభవం ఉత్తరాలు రావాలి, కొన్నాళ్ళు ఇక్కడి ఫిజియో ఎవరైనా తన పర్యవేక్షణలో పని చేయించుకోవాలి. కాలేజీలో గుమాస్తా మారాడు. పనిచేసిన ఆసుపత్రి మూతపడింది. పర్యవేక్షణకి ఎవరిని అడిగినా ఇక్కడి అనుభవం ఉందా అన్నారు. ఇక్కడ పని చేస్తేగాని అనుభవం రాదు, అనుభవం ఉంటేగాని పని ఇవ్వరు. ఇంతలో చిన్నవాడు పుట్టాడు. ఫైలు అల్మారా అడుగుకి వెళ్ళింది.

రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఫిజియోని అని చెప్పుకోకూడదన్న నియమం మంచిదే. రోగులకి అది రక్ష. తప్పు నియమంలో లేదు. ఆ తలుపు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే మనిషి ఒక్కరూ లేకపోవడంలో ఉంది. అలా ఎనిమిదేళ్ళు మనుషుల్ని నడిపించిన మనిషి, తాత్కాలికంగా అనుకుని ఐస్ రింక్‌లో చేరి, ఐదేళ్ళుగా స్కేట్లకి పదును పెడుతోంది.

పెట్టడమంటే అలా ఇలా కాదు. చల్లటి హాల్లో స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, చెవులు మూసే ఉన్ని టోపీ పెట్టుకుని, చక్రం మీద బ్లేడ్‌ని ఇటు నాలుగుసార్లు అటు నాలుగుసార్లు నడిపించి, బొటనవేలి గోరు మీద అంచుని మెల్లగా జరిపి చూస్తుంది. గోరు మీంచి సన్నటి పొర లేస్తే పదును వచ్చినట్టు. జారిపోతే ఇంకా మొద్దే. అయితే ఆమె చక్రం దగ్గరికి తీసుకెళ్ళేముందు కూడా గోరుతో చూస్తుంది. అది పనిలో భాగం కాదు, ఆమె అలవాటు. ఏ అంచు ఎంత అరిగిందో చూస్తే ఆ పిల్ల ఏ కాలు మీద ఎంత భారం వేస్తోందో, ఏ కాలుని దాచుకుంటోందో ఆమెకి తెలిసిపోతుంది. కాకినాడలో చెప్పుల అడుగులు చూసి నడుం నొప్పి ఏ వైపో చెప్పేసేది. ఇక్కడ చెప్పులకి బదులు బ్లేడ్లు.

మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం మహిధర్ తన కూతురు స్కేట్లు పదునుకి తెచ్చిచ్చాడు. మహిధర్‌ది కరీంనగర్. ఆల్బనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. భార్య పామర్‌స్టన్ నార్త్‌లో పై చదువు చదువుతూ వారాంతాల్లో వచ్చిపోతుంటుంది. కూతురు శరణ్యకి పద్నాలుగేళ్ళు. పదహారేళ్ళలోపు అమ్మాయిల జట్టులో ఆడుతుంది. జూలై సెలవుల్లో క్వీన్స్‌టౌన్‌లో జరిగే టోర్నమెంట్‌కి ప్రాంతీయ జట్టుని ఎంపిక చేస్తున్నారు. ఆ లిస్టులో పేరుండాలని తండ్రీ కూతుళ్ళకి ఒకటే తపన. మహిధర్ తను ఎంసెట్‌కి ఎలా చదివాడో కూతురి చేత హాకీ అలాగే ఆడిస్తున్నాడు. గ్యారేజ్‌లో పాత కార్పెట్ వేలాడదీసి, పక్ అనే ఆ నల్లటి రబ్బరు బిళ్ళని రోజుకి రెండొందలసార్లు దానికేసి కొట్టిస్తున్నాడు.

మంగతాయారు గోరు పెట్టి చూసింది. ఎడమ స్కేట్ లోపలి అంచు పూర్తిగా మొద్దుబారిపోయింది. కుడిది కిందటి వారం తను పెట్టిన పదునుతో అలాగే ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ చెయ్యి ఆగడానికి వెనక ఇంకో పిల్ల ఉంది. మూడేళ్ళ కిందట ఒక గోల్‌కీపర్ అమ్మాయి స్కేట్లు ఇలాగే వచ్చేవి. వారం వారం ఒక అంచే అరిగేది. మంగతాయారు గమనించింది. నేనెవర్ని చెప్పడానికి, స్కేట్లు ఇచ్చే మనిషిని కదా అనుకుని పదును పెట్టి ఇచ్చేసింది. సీజన్ సగంలో ఆ పిల్ల గజ్జలో కండరం చిరిగి ఐస్ మీద పడిపోయింది. మళ్ళీ రింక్‌కి రాలేదు.

ఈసారి అలా కానివ్వదలుచుకోలేదు. ప్రాక్టీసు అయ్యాక శరణ్యని బెంచీ మీద కూచోబెట్టి, లేసులు విప్పుతూ, కుడివైపు ఎక్కడమ్మా నొప్పి అని అడిగింది. శరణ్య ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఏం లేదు, కొంచెం టైట్‌గా ఉందంతే అంది. మంగతాయారు లేసులు విప్పుతూనే ఉంది. కాసేపటికి ఆ పిల్లే తలొంచుకుని, ఏడెనిమిది వారాలుగా గజ్జలో లాగుతోందని, కుడివైపు తిరిగేటప్పుడు కావాలనే నెమ్మదిస్తున్నానని చెప్పింది.

"ఆంటీ, ప్లీజ్, డాడీకి చెప్పొద్దు. కోచ్‌కి తెలిస్తే లిస్ట్‌లోంచి తీసేస్తాడు."

"చెప్పకపోతే లిస్టులో ఉంటావు. క్వీన్స్‌టౌన్‌లో మాత్రం కుర్చీలో ఉంటావు. ఏది కావాలి?"

శరణ్య కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని, చెప్పండి అంది.

మంగతాయారు మహిధర్‌కి రెండు మాటలు చెప్పింది. తను ఈ దేశంలో ఫిజియోని కాదు కాబట్టి ముందు రిజిస్టరైన ఫిజియో దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోమంది. రెండోది, ఆదివారం వాళ్ళ గ్యారేజ్‌కి వచ్చి కాలి బలం కొలిచి చూపిస్తానంది. పిల్లల ఆటగాళ్ళ గజ్జలు బాగా చూస్తుందని పేరున్న మెరే అనే ఆవిడ దగ్గర మూడు వారాల తర్వాతగాని ఖాళీ దొరకలేదు. ఆదివారం మాత్రం రెండు రోజుల్లోనే వచ్చింది.

గ్యారేజ్‌లో మంగతాయారు అడిగిన పరికరం విని మహిధర్‌కి నవ్వాగలేదు. ఇండియా ప్రయాణం పెట్టుకున్న ప్రతి తెలుగింట్లోనూ ఉండే సూట్‌కేస్ త్రాసు. కొక్కెం తగిలించి పైకెత్తితే బరువు చూపించి, కుయ్యిమని ఆగే చిన్న త్రాసు. ఇరవై మూడు కిలోలు దాటితే ఆవకాయ తీయాలా చీరలు తీయాలా అని మొగుడూ పెళ్ళాలకి తగువు పెట్టే త్రాసు. ఆమె దాని ఒక కొసని గోడకి బిగించిన బల్ల కాలికి కట్టింది. రెండో కొసని తన చున్నీతో శరణ్య చీలమండకి చుట్టింది. పిల్లని చాప మీద పడుకోబెట్టి, కాలుని బయటికి నెట్టమంది. కుయ్యిమంది, పదిహేను. చున్నీ అటునుంచి ఇటు మార్చి, కాలుని లోపలికి లాగమంది. కుయ్యిమంది, తొమ్మిది. మళ్ళీ లాగించింది. మళ్ళీ తొమ్మిదే. ఎడమకాలు బయటికి పద్నాలుగు, లోపలికి పన్నెండు.

"చూడు శరణ్యా. ఐస్ మీద కాలుని బయటికి నెట్టేది ఒక జట్టు. ఆ కాలు జారిపోకుండా లోపలికి లాగి ఆపేది ఇంకో జట్టు. నీ కుడికాల్లో నెట్టేవాళ్ళు పదిహేనుమంది, ఆపేవాళ్ళు తొమ్మిదిమంది. తొమ్మిదిమంది పదిహేనుమందిని ఎన్నాళ్ళు ఆపుతారమ్మా?"

శరణ్య లేచి కూచుని త్రాసు మీది అంకెకేసి చూసింది. తన నొప్పికి ఒక అంకె ఉంటుందని ఆ పిల్లకి అప్పటిదాకా తెలియదు.

హాకీ పిల్లల్లో ఇది మామూలే అని మంగతాయారు వివరించింది. స్కేటింగ్ అంతా బయటికి నెట్టే పని. తొడ బయటివైపు కండరాలు రోజురోజుకీ బలుస్తాయి, లోపలివాటిని ఎవరూ పట్టించుకోరు. దానికితోడు ఎదిగే వయసు. లోపలి బలం బయటి బలంలో పదికి ఎనిమిది పాళ్ళన్నా ఉండాలి. అంతకంటే తగ్గితే కండరం చిరగడానికి సిద్ధంగా ఉన్నట్టే. అంటే శరణ్య కుడికాలికి పన్నెండు కిలోలు కావాలి. తొమ్మిది నుంచి పన్నెండుకి ఏడు వారాల్లో చేరితే క్వీన్స్‌టౌన్. లేకపోతే లేదు.

ఆమె ఒక కాగితం మీద బొమ్మలు గీసి లెక్క రాసిచ్చింది. బెంచీ మీద కాలానించి పక్కకి వాలి నిలబడేది, ఒక్కోవైపు ఎనిమిది సెకన్లు, ఐదుసార్లు. వారానికి మూడు రోజులు. మధ్యలో విశ్రాంతి. గ్యారేజ్‌లో పక్ కొట్టడం రెండు వారాలు బంద్. మహిధర్ శ్రద్ధగా విన్నాడు. ఆ శ్రద్ధే కొంప ముంచింది.

మూడు వారాల తర్వాత మెరే తన క్లినిక్‌లో తన పరికరంతో కొలిస్తే కుడికాలు లోపలి బలం ఎనిమిదికి దిగింది. పిల్ల కుంటుతూ బయటికొచ్చింది. మెరే నిలదీస్తే మహిధర్ ఫోన్ తీసి ఎక్సెల్ షీట్ చూపించాడు. రోజుకి రెండు పూటలా, ఒక్కోవైపు యాభైసార్లు. విశ్రాంతి గడులన్నీ ఆకుపచ్చ రంగులో అదనపు అభ్యాసంగా మారిపోయాయి. ఆదివారం స్పెషల్ క్లాసు. ఇంగ్లీషు వాళ్ళెవరికీ తోచని తప్పు ఇది. రోజుకి పద్నాలుగు గంటలు చదివి ర్యాంకు తెచ్చుకున్న మనవాళ్ళకే తోచే తప్పు.

ఆ సాయంత్రం అతను నేరుగా కౌంటర్ దగ్గరికొచ్చాడు. కూతురు వెనకాల మొహం ముడుచుకుని నిలబడింది.

"అక్కా, తప్పు నాదే. పది చేస్తే గింత ఫాయిదా అయితే, వంద చేస్తే ఎంతయితదో అనుకున్న."

మంగతాయారు చక్రం ఆపింది. "మహిధర్, గ్లాసు బియ్యంలో రెండు గ్లాసుల నీళ్ళు పోస్తే ఏమవుతుంది?"

"అన్నమైతది."

"ఇరవై గ్లాసులు పోస్తే?"

"గంజి."

"నీ కూతురు కాలు ఇప్పుడు గంజి."

"ఐ టోల్డ్ యూ, డాడ్" అంది శరణ్య వెనకనుంచి. మహిధర్ తల గోక్కున్నాడు. విశ్రాంతిలోనే కండరం బలుస్తుందని, వ్యాయామం దానికి ఉత్తరం రాయడం లాంటిదని, జవాబు వచ్చేదాకా ఆగాలని ఆమె అతనికి మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. చెప్పి ఊరుకోకుండా ఒక ఉద్యోగం కూడా ఇచ్చింది. విశ్రాంతి రోజున పిల్ల గ్యారేజ్‌లో అడుగు పెట్టకుండా చూసే ఉద్యోగం. అతను ఆ పని కూడా అంతే శ్రద్ధగా చేశాడు. గ్యారేజ్‌కి తాళం వేసి, తాళంచెవి తెచ్చి మంగతాయారు చేతిలో పెట్టాడు. ఆ వారం వాళ్ళ కారు వీధిలోనే ఉంది.

మర్నాడు సాయంత్రం మెరే రింక్‌కి వచ్చింది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు, నవ్వితే భుజాలు కదులుతాయి. మహిధర్ ఇచ్చిన కాగితం ఆమె చేతిలో ఉంది. సూట్‌కేస్ త్రాసు సంగతి విని తను మొదట పగలబడి నవ్వానని, తర్వాత తన అంకెలతో పోల్చి చూస్తే ఎడమకాలికి అరకిలో కూడా తేడా లేదని, అప్పుడు నవ్వు ఆగిపోయిందని చెప్పింది. ఎన్నాళ్ళు ప్రాక్టీస్ చేశారని అడిగింది. ఐదేళ్ళలో ఆ రింక్‌లో మంగతాయారుని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. చేతిలో గుడ్డ పక్కన పెట్టి, ఎనిమిదేళ్ళు అంది మంగతాయారు.

మాట్లాడుతూ మెరే గోడకేసి చూసింది. చేతిలో కాగితం చూసింది. రెండుచోట్లా అవే బొమ్మలు, అదే వంకర ముక్కు, అదే ఒంటి జడ. కింద మాత్రం బ్రెట్ పేరు. ఆవిడ బ్రెట్‌ని పిలిచి ఇదేమిటని అడిగింది.

బ్రెట్ చెడ్డవాడేం కాదు. పగలు కొయ్యపని చేసి, సాయంత్రాలు జీతం లేకుండా పిల్లలకి ఆట నేర్పే మనిషి. చెవులదాకా ఎర్రబడి, కౌంటర్ మీద కనిపించాయి, ఎక్కడినుంచో చూసి గీసుకుని ఉంటారనుకున్నాను, అడగాలని తట్టలేదు అన్నాడు. అతను అబద్ధం ఆడలేదు. స్కేట్లు ఇచ్చే నల్లని మనిషికి ఇది తెలిసి ఉండొచ్చని తట్టకపోవడమే అన్యాయం. దానికి దురుద్దేశం అక్కర్లేదు.

మంగతాయారు అప్పుడు ఆ గోల్‌కీపర్ అమ్మాయి సంగతి చెప్పింది. ఆ పిల్ల బ్లేడ్లలో తనకి ముందే కనిపించిందని, నోరు విప్పలేదని చెప్పింది. బ్రెట్ నమ్మలేనట్టు చూసి, ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"నేను చెప్తే మీరు వినేవారా?"

బ్రెట్ ఐస్‌కేసి చూసి, చేతిలో విజిల్ తాడు రెండుసార్లు తిప్పి, లేదు అన్నాడు. ఆ లేదు అన్నందుకు అతన్ని మెచ్చుకోవాలి. చాలామంది విని ఉండేవాణ్ణి అని చెప్పి ఇంటికెళ్ళిపోతారు.

సంగతి మాటలతో ఆగలేదు, పని మొదలైంది. లిస్టు ప్రకటించే శనివారానికి ఇంకా నాలుగు వారాలుంది. శరణ్య పేరు అప్పటిదాకా తీసెయ్యనని, ఆ రోజు మెరే కొలిచి సరే అంటేనే ఎంపిక ఆటలో దింపుతానని బ్రెట్ ఒప్పుకున్నాడు. మెరే పర్యవేక్షణలో, ప్రతి ప్రాక్టీసుకి ముందు పావుగంట మంగతాయారుకి ఇచ్చాడు. అదే వారం మెరే జట్టు మొత్తాన్ని కొలిచింది. పద్నాలుగుమందిలో ఐదుగురికి లోపలి బలం తక్కువ. అందులో ఒకరికి శరణ్య కంటే తక్కువ. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా నొప్పి మాత్రలు మింగుతోంది.

ఆ నాలుగు వారాలు ఆ రింక్ వెనక గదిలో జరిగిన గోల చూసినవాళ్ళు మర్చిపోరు. వ్యాయామాల ఇంగ్లీషు పేర్లు చప్పగా ఉన్నాయని మంగతాయారు వాటికి తెలుగు పేర్లు పెట్టేసింది. బెంచీ మీద కాలానించి పక్కకి వేలాడేది బల్లి. మోకాళ్ళు వంచి పక్కకి నడిచేది పీత. మేజోళ్ళతో నున్నటి నేల మీద కాలుని జార్చి, మెల్లగా వెనక్కి లాగేది పేడ అలకడం. పేడంటే ఏంటని ఒక న్యూజిలాండ్ పిల్ల అడిగితే శరణ్య అనువాదం చేసింది. ఆ తర్వాత పావుగంట ఎవరూ వ్యాయామం చేయలేదు, నేల మీద పడి దొర్లారు. చివరికి ఒంటికాలి మీద తొక్కుడుబిళ్ళ. సుద్దముక్కతో నేల మీద గడులు గీసి, పాత పక్‌నే బిళ్ళగా వేసి, కుడికాలి మీద ఒక రౌండు, ఎడమకాలి మీద ఒక రౌండు ఆడించింది. గీత తొక్కావని, తొక్కలేదని గొడవలు. బ్రెట్ కూడా ఒకరోజు ప్రయత్నించి మూడో గడిలో కూలబడ్డాడు. ఆయనకి బల్లి అయిదు సెకన్లు కూడా నిలవలేదు. "కోచ్ బల్లి, కోచ్ బల్లి" అని పద్నాలుగుమందీ అరిచారు. ఆ పేరు ఆయనకి ఉండిపోయింది.

వారాంతాల్లో వచ్చే శరణ్య వాళ్ళమ్మ ఒకసారి డబ్బా నిండా దద్దోజనం తెచ్చింది. చెమట మొహాలతో ప్లాస్టిక్ స్పూన్లు పట్టుకుని పిల్లలు దాన్ని ఐదు నిమిషాల్లో ఖాళీ చేశారు. నాలుగో వారం మంగతాయారు శరణ్య స్కేట్లు గోరుతో చూసింది. రెండూ సమానంగా అరిగాయి. ఎవరికీ చెప్పకుండా ఆమె ఆ రోజు కాసేపు కూనిరాగం తీసింది. పక్కన పనిచేసే కుర్రది ఇవాళ మీ పుట్టినరోజా అని అడిగింది.

అయినా గోరు చెప్పేది వేరు, అంకె చెప్పేది వేరు. శనివారం ఉదయం రింక్‌కి వచ్చేటప్పటికి మహిధర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. శరణ్య మాత్రం నెమ్మదిగా ఉంది. మెరే ఆ పిల్లని బల్ల మీద పడుకోబెట్టి తన పరికరంతో బయటికి నెట్టించింది, పదిహేనున్నర. పదిహేనున్నరకి పన్నెండున్నర కావాలి. మహిధర్ పెదాలు కదులుతూ ఆ లెక్క చేసుకోవడం అందరికీ కనిపించింది. లోపలికి లాగించింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అంకె రాసుకుని తలెత్తకుండా కూచుంది.

"ఎంత?" అన్నాడు మహిధర్.

"మీకు కాదు, ఆవిడకి చెప్తాను" అని మెరే కాగితాన్ని మంగతాయారు చేతికిచ్చింది. పదమూడు. మంగతాయారు ఆ అంకెని రెండుసార్లు చదువుకుని, శరణ్య తలమీద చెయ్యి వేసి, "వెళ్ళు. కుడివైపు తిరుగు" అంది.

ఆటలో శరణ్య గోల్ కొట్టలేదు. కానీ రెండో భాగంలో గోల్ వెనకనుంచి పక్ తీసుకుని, ఏ మలుపు దగ్గర ఏడెనిమిది వారాలు నెమ్మదించిందో ఆ కుడి మలుపునే పూర్తి వేగంతో, కాలు మీద కాలు వేసుకుంటూ తిరిగింది. ఐస్ పొడి లేచి అద్దానికి కొట్టింది. శరణ్య అందించిన పక్‌తో ఇంకో పిల్ల గోల్ వేసింది. కౌంటర్ వదిలి అద్దం దగ్గర నిలబడ్డ మంగతాయారు, తను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నట్టు కూడా గమనించుకోలేదు. సాయంత్రం చదివిన లిస్టులో శరణ్య పేరు పదకొండోది. మహిధర్ అక్కడే బెంచీల మధ్య రెండడుగులు చిందేసి, ఎవరిదో కాఫీ ఒంపేశాడు.

క్వీన్స్‌టౌన్‌లో జట్టు నాలుగు ఆటలాడి మూడు ఓడింది. ఒకటి గెలిచింది. ఆ ఒక్కదాని గురించే ఇప్పటికీ చెప్పుకుంటారు. వెళ్ళినవాళ్ళలో ఒక్కరికీ గజ్జ పట్టలేదు. మంగతాయారు కూడా జట్టుతో వెళ్ళింది, మెరేకి సహాయకురాలిగా. అల్మారా అడుగునున్న ఫైలు బయటికొచ్చింది. పర్యవేక్షణకి మెరే సంతకం పెట్టింది. కాకినాడ ఆసుపత్రి మూతపడినా, అక్కడ ఆమెతో పనిచేసిన డాక్టరు ఇందిరాదేవిని వెతికి పట్టుకుని ఉత్తరం రాయించింది మహిధరే. ఎక్సెల్ షీట్ పెట్టి మరీ వెతికాడు. దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ఎప్పుడు పూర్తవుతుందో ఎవరికీ తెలియదు. ఈలోగా ఆమె స్కేట్లకి పదును పెడుతూనే ఉంది, ప్రాక్టీసుకి ముందు పావుగంట బల్లులనీ పీతలనీ ఆడిస్తూనే ఉంది.

ఇది చదువుతున్న మీ పిల్లలు హాకీ ఆడుతుండొచ్చు, ఫుట్‌బాల్ ఆడుతుండొచ్చు, నెట్‌బాల్ ఆడుతుండొచ్చు. సీజన్ మొదలవకముందే పిల్లల తుంటి బలం, తొడ బలం కొలవమని క్లబ్‌ని అడగండి. రెండు కాళ్ళకీ, లోపలికీ బయటికీ. కుదరదంటే మీటింగులో లేచి మళ్ళీ అడగండి. పిల్ల టైట్‌గా ఉందంటే వినండి, ఎక్కువ చేయించకండి. అలాగే మీ క్లబ్‌లో, మీ ఆసుపత్రి వంటింట్లో, మీ ఆఫీసు శుభ్రం చేసేవాళ్ళలో, మీ టాక్సీ స్టీరింగ్ వెనక ఉన్న మనిషిని ఇక్కడికి రాకముందు ఏం చేసేవారని అడగండి. వాళ్ళ దరఖాస్తుకి మీ సంతకం, మీ ఉత్తరం, మీకు తెలిసిన ఒక పేరు పనికొస్తుందనిపిస్తే ఈ వారంలోనే ఇవ్వండి. వచ్చే వారానికి వాయిదా వేయకండి, అప్పటికి ఇంకో పిల్ల ఐస్ మీద పడిపోయి ఉండొచ్చు.